పరగడుపు బ్యాచి

కొండ సైకిళ్ళ వాళ్ళంటే అక్కకి మొదట్నించీ లెక్కలేదు. కాళ్ళున్నాయి, కొండ ఉంది, ఎక్కాలనుంటే నడిచి ఎక్కొచ్చు. సైకిలే తొక్కాలనుంటే కింద శుభ్రమైన తారు రోడ్డుంది. రెండూ కాదని, లావుపాటి టైర్ల సైకిలేసుకుని రాళ్ళ మీద ఆయాసపడుతూ పైకి పోయి, మళ్ళీ అవే రాళ్ళ మీద పళ్ళు టకటకలాడించుకుంటూ కిందికొచ్చే మనుషుల్ని ఏమనాలో ఆవిడకి తెలిసేది కాదు. తెలిసిన మాటలు లేకపోలేదు గానీ, అవి గిరాకీ ముందు అనే మాటలు కావు.

ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టలేదు. కొండ మొదట్లో, క్వారీ లారీలు తూకానికి ఆగే చోట, ఆవిడ క్యాంటీను. ఇరవై రెండేళ్ళుగా క్వారీ మనుషులకి వండి పెడుతోంది. డ్రైవర్లు అక్కా అన్నారు, వాళ్ళని చూసి రాళ్ళు కొట్టేవాళ్ళు అక్కా అన్నారు, చివరికి ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనడం మొదలెట్టారు. సుత్తి పట్టే మనిషికి పొద్దున్నే ఏం పెట్టాలో, పదింటికి ఏం అందించాలో, ఏది తింటే మధ్యాహ్నం సుత్తి పక్కన పడేసి కునుకు తీస్తాడో ఆవిడకి కొట్టిన పిండి. ఎక్కే పనికి రెండు గంటల ముందు కడుపు నిండా జావ, దాంతో ఒక గుడ్డు. పని మొదలయ్యాక అరగంటకోసారి, ఆకలి వెయ్యకముందే, ఉప్పద్దిన ఉడకబెట్టిన ఆలుగడ్డ ముక్కో అరటిపండు సగమో. నీళ్ళు గటగటా కాదు, గుక్కెడు గుక్కెడు. ఆకలి వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. ఇందులో రహస్యమేమీ లేదు, చదువుతో పనంతకంటే లేదు.

చదువుకున్నవాళ్ళు ఆదివారం ఆదివారం వచ్చేవాళ్ళు. ఎనిమిది మంది. వాళ్ళకో కెప్టెన్.

కెప్టెన్ అంటే సైన్యంలో పనిచేశాడనుకునేరు. ఆయనది టైల్సు కొట్టు. యాభై రెండేళ్ళు, ఒంటికి అతుక్కుపోయే చొక్కా, ఆ చొక్కా కింద ఎంత లోపలికి లాక్కున్నా ముందుకొచ్చే పొట్ట. స్నానాల గదికి ఏ రంగు టైలు నప్పుతుందో చెప్పినంత ధీమాగా మనిషి ఒంటి గురించి కూడా చెప్పేవాడు. ఆయన ఎక్కడో చదివాడట, ఖాళీ కడుపుతో కొండెక్కితే ఒళ్ళు తన కొవ్వునే తాను కాల్చుకుంటుందని. "కొవ్వే మన పెట్రోలు. ట్యాంకు నిండా పెట్రోలు పెట్టుకుని బంకు దగ్గర ఆగడం దేనికి?" అని ప్రతి ఆదివారం అనేవాడు. ప్రతి ఆదివారం ఏడుగురూ అప్పుడే విన్నట్టు తలలాడించేవాళ్ళు.

దాన్నుంచి పుట్టింది వాళ్ళ నియమం. మొదటి శిఖరం చేరేదాకా ఎవరూ ఏమీ ముట్టకూడదు. నీళ్ళు తప్ప. బయల్దేరే ముందు క్యాంటీను ఎదురుగా గుండ్రంగా నిలబడేవాళ్ళు. కెప్టెన్ ఒక్కొక్కరి కళ్ళలోకి చూసి "పరగడుపేనా?" అని అడిగేవాడు. "పరగడుపే" అనాలి. శిఖరం మీద ఆయన చిన్న స్టీలు డబ్బా తీసి ఒక్కొక్కరి అరచేతిలో నాలుగు ఖర్జూరాలు పెట్టేవాడట. కళ్ళు సగం మూసుకుని, ఒక్కోటీ ముప్పై సార్లు నమిలి తినాలట. ఇదంతా క్వారీ వాచ్‌మన్ చూసొచ్చి చెప్తే అక్క గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది.

నవ్వడానికి ఆవిడకి ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఎనిమిది మందిలో ఒక్కడు కూడా పరగడుపున ఉండేవాడు కాదు.

క్యాంటీను వెనక, బొగ్గుల బస్తాలుండే సందులోకి ఒక కిటికీ ఉంది. ఆదివారం తెల్లారగట్ల నాలుగు కొట్టగానే ఆ కిటికీ మీద మొదటి టకటక వినబడేది. కెప్టెనే. రెండు గుడ్ల ఆమ్లెట్టు, నాలుగు బ్రెడ్డు ముక్కలు, పెద్ద గ్లాసు పాలు. మొదటిసారి వచ్చినప్పుడు, "నాకు గ్యాసు మాత్ర ఉందమ్మా, ఖాళీ కడుపున వేసుకోకూడదన్నారు" అన్నాడు. మాత్ర ఎప్పుడూ కనబడలేదు. తర్వాత పావుగంటకి పళ్ళ డాక్టరు. ఆయనకి ఆలుగడ్డలు. "నిన్న రాత్రి సరిగ్గా తినలేదక్కా, అందుకని ఈ ఒక్క రోజుకీ" అనేవాడు. ఏ రాత్రీ ఆయన సరిగ్గా తిన్నట్టు లేదు. ఆ తర్వాత మందుల షాపాయన, గిన్నెడు జావ గోడవైపు తిరిగి తాగేవాడు, చూడకపోతే తాగనట్టే అన్నట్టు. అలా ఎనిమిది మందీ, పావుగంటకొకరు చొప్పున. ఇద్దరు ఎదురుపడకుండా సమయాలు కేటాయించింది అక్కే. ఎవరైనా ముందొస్తే లోపలి నుంచి గిన్నె మీద గరిటెతో రెండుసార్లు కొట్టేది, అంటే ఆగమని. లారీలు తూకానికి వరస పెట్టే చోట బతికిన మనిషికి అదేమంత పని.

ప్రతివాడూ ఆఖర్న ఒకే మాట. "ఎవరికీ చెప్పకక్కా."

ప్రతివాడికీ మాటిచ్చింది. తమాషా ఏమిటంటే, తప్పు చేస్తున్నది తనొక్కడే, మిగతా ఏడుగురూ నిష్ఠాగరిష్ఠులని ప్రతివాడి నమ్మకం. అందుకే ఎవడు ఎక్కువ తింటే వాడే గుండ్రంగా నిలబడ్డప్పుడు గట్టిగా "పరగడుపే" అనేవాడు. కాఫీ గ్లాసులు కడుగుతూ అక్క ఆ గొంతులు వినేది. ఎవరి గొంతు ఎంత లేస్తే లోపల అన్ని ఆలుగడ్డలున్నాయని లెక్క. ఆవిడకి అంతకు మించిన వినోదం వారం మొత్తంలో ఇంకోటి ఉండేది కాదు. ఆ వినోదం కోసమే మాట నిలబెట్టుకుందంటే కూడా అబద్ధం కాదు.

ఇంతలో తమ్ముడు వచ్చి ఆ గుంపులో పడ్డాడు.

సొంత తమ్ముడే. తొమ్మిదేళ్ళ చిన్నవాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పెద్ద పెద్ద భవనాల్లో వెనక గుమ్మంలోంచి వెళ్ళి, చీకటి గొయ్యిలో దిగి, గ్రీజు పూసుకుని మళ్ళీ వెనక గుమ్మంలోంచే వచ్చేసే పని. లిఫ్టు నడిచినన్నాళ్ళు వాడెవడో ఎవరికీ అక్కర్లేదు, ఆగిన రోజున మాత్రం అందరూ తిట్టడానికి కావాలి. చిన్నప్పట్నించి బొద్దు. ఇంట్లో తిండిపోతు అన్న పేరు పెట్టింది కూడా అక్కే, ఆ పేరు పెళ్ళయ్యేదాకా వాణ్ణి వదల్లేదు. నోట్లో నాలుక లేనివాడు. ఎవరైనా గట్టిగా నమ్మకంగా చెప్తే, చెప్పినవాడు తప్పయి ఉండొచ్చన్న ఆలోచనే వాడికి రాదు.

టైల్సు కొట్టు భవనంలో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు కెప్టెన్ వాణ్ణి పట్టాడు. సైకిలు పాతది ఒకటి ఇప్పించాడు. నెల తిరిగేసరికి వాడు కొండ తప్ప ఇంకో మాట మాట్లాడ్డం మానేశాడు.

"ఏంట్రా, నీకూ వచ్చిందా ఆ జబ్బు?" అంది అక్క.

"జబ్బు కాదక్కా. పైన గాలి వేరేగా ఉంటుంది."

"గాలి తిని బతుకుతారా మీరు?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. అక్క ఏదైనా అంటే నవ్వి ఊరుకోవడం వాడికి చిన్నప్పటి అలవాటు.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, గుండ్రంగా నిలబడ్డప్పుడు కెప్టెన్ వాడి దగ్గరికొచ్చి "పరగడుపేనా?" అని అడిగితే, వాడు, "లేదండీ, ఒక అరటిపండు తిన్నాను. లేవగానే నీరసంగా అనిపించింది" అన్నాడు.

ఆ కొండ కింద ఆ ప్రశ్నకి నిజం చెప్పిన మొదటివాడు వాడే. ఆలుగడ్డలు తిన్న పళ్ళ డాక్టరు, జావ తాగిన మందుల షాపాయన, ఆమ్లెట్టు తిన్న కెప్టెనూ, అందరూ వాడివైపు జాలిగా చూశారు. కెప్టెన్ వాడి భుజం తట్టి, "కడుపు మాట వినే మనిషి కొండ మాట వినలేడు తమ్ముడూ" అన్నాడు. శిక్షగా ఆ రోజంతా అందరికంటే వెనక, దుమ్ములో తొక్కమన్నాడు. ఆ రోజు నుంచి వాడి పేరు అరటిపండు. తర్వాతి ఆదివారం కిటికీ దగ్గర మందుల షాపాయన జావ తాగుతూ ఆ కథంతా అక్కకి చెప్పాడు. వాడు ఆవిడ తమ్ముడని ఆయనకి తెలీదు. చెప్పడం కూడా బాగా చెప్పాడు, తమ్ముడి మొహం ఎలా వాడిపోయిందో కూడా పెట్టి చూపించాడు.

అదే రోజు అందరూ దిగొచ్చి వెళ్ళిపోయాక తమ్ముడు క్యాంటీన్లో కూర్చున్నాడు. టీ ముందు పెట్టుకుని తాగలేదు.

"అక్కా, ఒకటడుగుతాను. నిజం చెప్పు."

"అడుగు."

"నువ్వు ఇక్కడే ఉంటావు కదా పొద్దున్నించీ. వాళ్ళు నిజంగానే ఏమీ తినరా? నీ కంటికి ఎప్పుడైనా కనబడ్డారా?"

ఆ నిమిషంలో అక్క నోటిదాకా వచ్చింది. ఎనిమిది మంది జాతకాలూ నాలిక చివర ఉన్నాయి. కానీ ఎనిమిది మందికి మాటిచ్చింది. పైగా చెప్తే వీడు కడుపులో దాచుకోడు, వెళ్ళి నేరుగా కెప్టెన్నే అడుగుతాడు. అప్పుడు కిటికీ మూతపడుతుంది, ఆదివారం ముచ్చటా పోతుంది. ఇవన్నీ కలిపి ఆలోచించడానికి ఆవిడకి గుడ్డతో బల్ల ఒకసారి తుడిచినంత సేపు పట్టింది.

"నా కంటికైతే ఎప్పుడూ పళ్ళేదురా" అంది.

వాడు తలూపాడు. "నాకూ అదే అనిపించింది. తప్పు నాలోనే ఉందక్కా. నేను తిండికి అలవాటు పడ్డ మనిషిని."

"అయితే నువ్వూ మానేస్తావేంటి?" అంది అక్క కాస్త గట్టిగా.

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "లేదులే. ఇంట్లోనే తినేసి వస్తాను. ఎవరితోనూ అనకు."

అక్కకి ప్రాణం కుదుటపడింది. కుదుటపడటమే కాదు, మురిసిపోయింది. మొత్తానికి నా తమ్ముడు కూడా లోకం తీరు నేర్చుకున్నాడు, తిని తినలేదనడం వచ్చేసింది అనుకుంది. ఆ నియమాన్ని నిజంగా పాటించే మనిషి ఒకడు ఉంటాడని ఆవిడ ఊహకి అందలేదు. మనుషుల్ని అంత చులకనగా చూడ్డం అలవాటైపోయిన కంటికి నిజాయితీ కూడా దొంగతనంలాగే కనిపించింది.

అసలు జరిగింది వేరు. ఇంటి దగ్గర పెళ్ళాం పొద్దున్నే లేచి ఏదైనా చెయ్యబోతే, "వద్దులే, అక్క దగ్గర తింటాను, అక్క చేతి వంట ఉండగా నీకెందుకు శ్రమ" అనేవాడు. ఆ పిల్ల నమ్మేది. వదిన క్యాంటీను పెట్టుకుని తమ్ముడికి తిండి పెట్టదా? అక్కేమో మరదలు పెట్టే పంపిందనుకునేది. ఇద్దరాడవాళ్ళ మధ్య వాడు పచ్చి మంచినీళ్ళ మీద కొండెక్కాడు, వరసగా పదకొండు ఆదివారాలు.

వాడికి కావలసింది ఒకటుంది. నాలుగూళ్ళ మధ్య కొండ సైకిళ్ళ పోటీ జరగబోతోంది. ఊరి తరఫున నలుగురు వెళ్తారు, ఎవరెవరో కెప్టెన్ చెప్తాడు. ఆ నలుగురికీ ఊరి పేరు రాసిన చొక్కా ఇస్తారు. పెద్ద విషయమేమీ కాదు, నాలుగు నూలు చొక్కాలు. కానీ తమ్ముడు ఆ చొక్కా గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారేది. ముందు గుమ్మంలోంచి, అందరూ చూస్తుండగా, ఒక చోటికి వెళ్ళాలని వాడికి ఉండేది. అది వాడు పైకి అనలేదు. మరదలు ఒకసారి ఆ చొక్కా సంగతి ఎత్తితే అక్క, "చొక్కా కావాలంటే నేను కుట్టిస్తాను, ఎండలో చావడం దేనికి" అని తీసిపారేసింది.

పదకొండు వారాల్లో వాడు బాగా చిక్కాడు. అక్క మెచ్చుకుంది. పని చేస్తుంటే చిక్కడా ఏంటి అనుకుంది. కానీ కొండ మీద మాత్రం వాడు ప్రతివారం ఇంకాస్త వెనకబడేవాడు. మొదట్లో నాలుగోవాడు, తర్వాత ఆరు, తర్వాత ఆఖరు. బలం తగ్గినకొద్దీ వాడు తనలోనే లోపం వెతుక్కునేవాడు, ఇంకా గట్టిగా నియమం పట్టేవాడు. శనివారం రాత్రి భోజనం కూడా సగానికి తగ్గించాడు. మిగతావాళ్ళు జావా గుడ్లూ ఆలుగడ్డలూ కడుపులో పెట్టుకుని వాడి పక్కనుంచి దూసుకుపోతూ, "అరటిపండూ, రా రా" అని అరిచేవాళ్ళు. ఇంత తిన్నవాళ్ళు ముందుండడంలో గొప్పేముంది? ఆ మాట చెప్పగలిగిన మనిషి కింద గ్లాసులు కడుక్కుంటోంది.

ఎంపిక రోజు రానే వచ్చింది. కెప్టెన్ ఆ రోజుకి నియమం ఇంకా బిగించాడు. ఒక శిఖరం కాదు, రెండు. రెండో శిఖరం దాటాకే ఖర్జూరాలు. మొత్తం నలభై రెండు కిలోమీటర్లు. "ఇవాళ ఎవరి పెట్రోలు ఎంతో తేలిపోతుంది" అన్నాడు. తన పెట్రోలు విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డాడు. ఆ తెల్లవారుజామున కిటికీ దగ్గర ఆమ్లెట్లు రెండయ్యాయి, పాలు రెండు గ్లాసులయ్యాయి, పోతూ పోతూ వేరుసెనగ ముద్దలు మూడు జేబులో వేసుకున్నాడు. పళ్ళ డాక్టరు ఆలుగడ్డలు కాగితంలో చుట్టించుకుని చొక్కాలో దాచుకున్నాడు. అందరూ అంతే. అక్కకి ఆ రోజు పండగే.

తమ్ముడు ఆరు కొట్టేవేళకి వచ్చాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"తిన్నావా?" అంది అక్క, గిరాకీకి వినబడకుండా.

"తినే వచ్చా."

"ఎలా ఉన్నావో చూసుకున్నావా? నిద్ర లేదా?"

"భయంగా ఉందక్కా, అంతే" అని నవ్వాడు.

గుండ్రంగా నిలబడ్డారు. పరగడుపే, పరగడుపే అని ఎనిమిది సార్లు వినబడింది. అందులో ఏడు గట్టిగా, ఒకటి మెల్లిగా. ఆ మెల్లి గొంతు తమ్ముడిది. అడిగే కెప్టెన్‌ని మాత్రం అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

తొమ్మిదిన్నరకి క్వారీ జీపు కొండ దారిలోంచి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. వెనక సీట్లో తమ్ముణ్ణి పడుకోబెట్టుకొచ్చారు. రెండో ఎక్కుడు మొదట్లోనే, గట్టి మలుపు కూడా కాని చోట, వాడు సైకిలు తిప్పాల్సింది పోయి నేరుగా రాళ్ళలోకి వెళ్ళిపోయాడట. బ్రేకు కూడా పట్టలేదట. ఎడం భుజం ఎముక విరిగి చొక్కా కింద పొడుచుకొచ్చి కనబడుతోంది. మిగతావాళ్ళు కూడా సైకిళ్ళు పట్టుకుని వెనకే దిగొచ్చారు. పళ్ళ డాక్టరు వాడి ఇంటికి ఫోను చేశానన్నాడు.

క్యాంటీను ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. మొహం బూడిదలా ఉంది. చన్నీళ్ళలో ముంచి తీసినట్టు చెమట. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్ద ముద్దగా వస్తోంది. భుజం విరిగిన మనిషి నొప్పితో అరుస్తాడు. వీడు అరవడం లేదు, ఆవులిస్తున్నాడు. అక్క ఇరవై రెండేళ్ళలో ఆ చెమటని చాలాసార్లు చూసింది. తిండి తినకుండా సుత్తి పట్టినవాడికి పట్టే చెమట అది.

"వీడు తినలేదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ లోపలికి పరిగెత్తి పంచదార నీళ్ళు కలుపుకొచ్చి గ్లాసు వాడి నోటి దగ్గర పెట్టింది. తమ్ముడు నోరు బిగించేశాడు. తల పక్కకి తిప్పాడు.

"తాగరా."

వాడి కళ్ళు అక్కని దాటి ఎవరికోసమో వెతికాయి. కెప్టెన్ కనబడ్డాడు. "రెండోది... అవలేదు కదండీ" అన్నాడు ముద్ద గొంతుతో.

కెప్టెన్ ఒకడుగు ముందుకేశాడు. చాలా గంభీరంగా, పెద్దమనసుతో తల పంకించాడు. "పరవాలేదు, తాగు తమ్ముడూ. ఈ ఒక్కసారికీ నీకు మినహాయింపు ఇస్తున్నాను" అన్నాడు. అని, చుట్టూ ఉన్నవాళ్ళతో, "క్రమశిక్షణ ఒక్క రోజులో రాదు. లోపల తిండి గుణం పోలేదు ఇతనికి" అన్నాడు.

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కెప్టెన్ గారూ" అంది. గొంతు లేవలేదు. "మీ జేబులో వేరుసెనగ ముద్దలు మూడిచ్చాను పొద్దున. ఎన్ని మిగిలాయి?"

"అమ్మా, అది మాత్ర కోసం..."

"నాలుగు గుడ్లు తిన్నారు. రెండు గ్లాసుల పాలు తాగారు. మాత్ర కాదు కదా దాని అట్టపెట్టె కూడా నేనెప్పుడూ చూళ్ళేదు. డాక్టరు గారూ, మీ చొక్కాలో ఆలుగడ్డలు చల్లారిపోయాయా? మందుల షాపు గారూ, ఇవాళ జావలో ఉప్పు సరిపోయిందా?"

ఒక్కొక్కరి పేరునా ఏం తిన్నారో చెప్పుకుంటూ పోయింది. వారం వారం ఏం తిన్నారో చెప్పింది. ఏ వంక చెప్పారో కూడా చెప్పింది. కెప్టెన్‌తో కలిపి ఎనిమిది మంది లెక్కా తేలిపోయింది, ఏమీ తినకుండా మిగిలింది బల్ల మీద కూర్చున్న తమ్ముడొక్కడే.  తీరా వాళ్ళ మొహాలు చూసి ఆవిడ తెల్లబోయింది. ముందుగా కనబడింది సిగ్గు కాదు, ఊరట. పళ్ళ డాక్టరు మందుల షాపాయన వైపు తిరిగి, "మీరూనా?" అన్నాడు, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు. ఆయన పళ్ళికిలించాడు. వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. బల్ల మీద ఒకడు భుజం విరిగి కూర్చుంటే, వాళ్ళకి దొంగలు తామొక్కరే కాదని తెలిసినందుకు ప్రాణం లేచొచ్చింది. వీళ్ళనా నేను ఇన్నాళ్ళు వేళకి వేళ మేపింది అనుకుంది అక్క.

అప్పుడే మరదలు స్కూటరు ఆపి పరిగెత్తుకొచ్చింది. మొగుడి భుజం చూసి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

"కళ్ళు తిరిగి పడ్డారా? పొద్దున్నే మీ దగ్గర తిన్నారు కదా వదినా?"

"నా దగ్గరా? ఇంట్లో తిని వస్తున్నానన్నాడు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.  మరదలు అక్క చేతిలో గ్లాసు తీసుకుని మొగుడి పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా పట్టించింది. ఆ చేతి నుంచి వాడు తాగాడు. సగం గ్లాసు దిగాక వణుకు తగ్గింది. మాట కుదురుకుంది. కుదురుకున్నాక వాడు చూసింది కెప్టెన్‌ని కాదు. ఆ ఎనిమిది మందిలో ఎవర్నీ చూడలేదు. అక్కని చూశాడు.

"నేను నిన్నడిగాను కదక్కా."

అక్క బల్ల మీద ఒలికిన పంచదార నీళ్ళు కొంగుతో తుడిచింది.

"వాళ్ళు చెప్పకపోతే చెప్పకపోనీ. వాళ్ళు నాకేమవుతారు? నిన్ను అడిగాను."

"మాటిచ్చానురా. అందరూ ఎవరికీ చెప్పొద్దని..." అంది అక్క. ఆ మాట తన చెవికే నాసిగా వినబడింది, కెప్టెన్ మాత్రలాగా. "నువ్వు తింటున్నావనుకున్నాను. నిజంగా ఎవడైనా తినకుండా ఉంటాడని నేననుకోలేదు."

 మరదలు జీపు డ్రైవరుతో ఆసుపత్రికి ఏ దారిన వెళ్ళాలో మాట్లాడుతోంది. పోటీ పోయింది, చొక్కా పోయింది, రెండు నెలలు పని కూడా లేదు. అవేవీ వాడు అడగలేదు.

"నాకు అరటిపండని పేరు పెట్టిన రోజు," అన్నాడు, "వాళ్ళొచ్చి నీకు చెప్పారా?"

"చెప్పారు."

"చెప్తే నువ్వూ నవ్వావా?"

కిటికీ అవతల మందుల షాపాయన వాడి మొహం పెట్టి చూపించడం అక్కకి గుర్తొచ్చింది. ఆ మొహం తను చిన్నప్పట్నించి ఎరిగిన మొహం. అచ్చం అలాగే పెట్టాడు కూడా. లేదురా అంటే వాడు నమ్మేస్తాడు. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి, అక్క చెప్తే నమ్మడా? ఇప్పుడు కూడా నమ్ముతాడు. అది తెలిసే ఆవిడ ఆ అబద్ధం ఆడలేకపోయింది.

"నవ్వాను" అంది.

వాడు తలూపాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అక్కకి మొదటిసారి అనిపించింది. డ్రైవరూ మరదలూ కలిసి వాణ్ణి జీపులో కూర్చోబెట్టారు. అక్క కొంగు నడుముకి దోపుకుని, పొయ్యి ఆర్పమని ఎవరికో కేకేసి, జీపెక్కడానికి మెట్టు మీద కాలు పెట్టింది.

"నువ్వు రాకులే అక్కా" అన్నాడు వాడు, మంచి చేతితో విరిగిన భుజం పట్టుకుని. "వీళ్ళందరూ ఆకలిగా ఉన్నట్టున్నారు. వాళ్ళకి పెట్టు."

వెటకారం వాడికి రాదు. నిజంగానే అన్నాడు. జీపు కదిలింది. టైర్ల కింద లేచిన దుమ్ము కళ్ళలో పడుతున్నా రెప్ప వెయ్యకుండా, ఆ ఎనిమిది మంది మధ్య అక్క అక్కడే నిలబడిపోయింది.